జుజురాణా మాటు

గున్నయ్యకి కోపం వచ్చింది. ఆ పూట పుట్టిన కోపం కాదది, మూడేళ్ళ నుంచీ లోపల ఊరుతూ ఉన్నది. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర రొట్టె తిరగేస్తూ తిరగేస్తూ ఉండగా పైకి పొంగింది.

"రేపు మాటులో నేను కూర్చుంటాను స్వామీ," అన్నాడు, మొహం రొట్టె వైపే పెట్టి.

ఎదురుగా కూర్చుని పప్పులో రాళ్ళేరుతున్న స్వామివారు చెయ్యి ఆపారు.

ఏమీ అనకపోయేసరికి గున్నయ్యకి ఇంకా ఊపొచ్చింది. మూడేళ్ళుగా తను చేసినవన్నీ వరసపెట్టి చెప్పుకొచ్చాడు. మాటు గుడ్డ కుట్టింది తను. తెల్లారకుండా మంచులో స్వామి వెంట కొండెక్కేది తను. ఎక్కినవాడు ఎక్కినట్టే తిరిగి దిగిపోయేది తను. మధ్యాహ్నం మళ్ళీ ఎక్కి స్వామిని తీసుకొచ్చేదీ తనే. ఒళ్ళు పేలిపోయే జ్వరంతో కూడా ఒక్క పూట మానలేదు. ఇంతా చేస్తే, ఆ పిట్ట గూట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో తను ఒక్కసారి చూసింది లేదు.

"నిన్న ఆ అడవి గార్డు మోలక్‌రాం నన్నేమన్నాడో తెలుసా? మూడేళ్ళుగా పెళ్ళికెళ్ళి వాకిట్లో చెప్పులు కాస్తున్నావు, పెళ్ళికూతురు నలుపో తెలుపో కూడా తెలీదు నీకు అన్నాడు. పక్కనున్న ఇద్దరూ పడీ పడీ నవ్వారు."

స్వామికీ నవ్వొచ్చింది గానీ పప్పు మీదికి వంగి దాచేసుకున్నారు.

"రేపు నువ్వే కూర్చో," అన్నారు.

అంత సులువుగా ఒప్పుకుంటారని గున్నయ్య అనుకోలేదు. ఇంకా చెప్పాల్సినవి నాలుగైదు మిగిలిపోయాయి. వాటిని ఏం చెయ్యాలో తెలీక రొట్టె మాడ్చేశాడు.

గున్నయ్యది టెక్కలి దగ్గర పల్లె, వృత్తి దర్జీ పని. ఓ వేసవిలో బస్సు కట్టించుకుని ఊరివాళ్ళతో హిమాలయాల యాత్రకి బయల్దేరాడు. కొండచరియ విరిగిపడి బస్సు నాలుగు రోజులు ఆగిపోతే, ఆ నాలుగు రోజులూ అందరూ దేవదారు అడవి అంచున ఉన్న ఓ రాతి ఆశ్రమంలో తలదాచుకున్నారు. అక్కడుండే స్వామిని కొండవాళ్ళు పిట్టల స్వామి అంటారు. పూర్వాశ్రమంలో ఏ ఊరో ఎవరికీ చెప్పరు గానీ తెలుగు మాత్రం మన వీధిలో మనిషిలా మాట్లాడతారు. ఐదోరోజు బాట బాగై బస్సు కదిలింది. గున్నయ్య ఎక్కలేదు.

ఆ అడవి ప్రభుత్వం కాపాడుతున్న అడవి. గొడ్డలి పెట్టకూడదు, మంద తోలకూడదు, తుపాకీ మాటే లేదు. పదిమంది మనుషుల ఆయుష్షు కలిపినా ఒక్క దేవదారు వయసుకి సరిపోదు, అంతంత మాన్లు. వాటి కింద వెదురు పొదలు. ఆ పొదల్లో తిరుగుతుంది జుజురాణా. పిట్టలకి రాజు అని కొండవాళ్ళ మాట. రాజు వేషమంతా మగదానిదే. ఎరుపు, నలుపు, ఒళ్ళంతా తెల్లటి చుక్కలు. గుడ్లు పొదిగే పెట్టది మట్టిరంగు. కోడిపెట్ట అంత ఉండి, ఎండుటాకుల్లో కలిసిపోతుంది. ఆ కొండమొత్తం మీద ఆ ఏడు కనబడ్డ గూడు ఒక్కటే. మూడు నిలువుల ఎత్తులో ఓ కొమ్మల పంగలో, నాలుగు గుడ్లు.

అది ఎలా పొదుగుతుందో, ఎప్పుడు మేతకి దిగుతుందో, గుడ్లు ఎన్నిసార్లు తిప్పుకుంటుందో స్వామి ఓ నోటుబుక్కులో రాసేవారు. అది చూసే ఏ నెలలో ఏ బాట మూయాలో అడవి శాఖవాళ్ళు తేల్చుకునేవారు.

చూడాలంటే మాటు వెయ్యాలి. గూటికి ఎదురుగా ఏటవాలు గట్టు మీద, ఆకుపచ్చా గోధుమా కలిసిన గుడ్డతో మనిషి కూర్చునేంత గుడారం. అయితే మనిషి లోపలికి వెళ్ళడం పిట్ట చూస్తుంది కదా. చూశాక గూటికి రాదు. దానికి ఉపాయం ఒకటుంది. పిట్టకి లెక్క రాదు. ఇద్దరు కలిసి గుడారంలోకి వెళ్ళి, ఒకడు గట్టిగా మాట్లాడుకుంటూ బయటికొచ్చి దిగిపోతే, మనుషులు వెళ్ళిపోయారనుకుంటుంది. ఓ పావుగంటలో వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఇక లోపలున్నవాడు కదలకూడదు, దగ్గకూడదు, తనంతట తను బయటికి అస్సలు రాకూడదు. బయటివాడు మళ్ళీ వచ్చి తీసుకెళ్ళాలి. వాడు దూరం నుంచే కర్రతో రాళ్ళు తాటిస్తూ వస్తే పిట్ట బెదరదు. మెల్లిగా దిగి పొదల్లోకి తప్పుకుంటుంది. మనుషులు వెళ్ళగానే మళ్ళీ ఎక్కుతుంది. అలా కాకుండా ఖాళీ అనుకున్న గుడారంలోంచి మనిషి ఊడిపడ్డాడా, ఆ పిట్ట ప్రాణం గుప్పెట్లో పెట్టుకుని ఎగిరిపోతుంది. తిరిగొస్తుందన్న నమ్మకం లేదు.

పోయినేడు పట్నం నుంచి ఫొటోలు తీసే పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. స్వామి మాటులో కూర్చోబెట్టారు. ఆయన పన్నెండు దాకా ఓపిక పట్టలేక కాళ్ళు పట్టేశాయని పదింటికే గుడ్డ ఎత్తి బయటికొచ్చాడు. పెట్ట లేచిపోయింది. పైన కనిపెట్టుకుని ఉన్న అడవికాకులు రెండు దిగాయి. కిందనుంచి గున్నయ్య పరిగెత్తుకొచ్చేసరికి గూట్లో పెంకులే మిగిలాయి. ఆ పెద్దమనిషి సారీ చెప్పి వెళ్ళిపోయాడు. స్వామివారు రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఈ ఏడు గుడ్లకి ఇది ఇరవైఆరో రోజు. ఇంకో రెండు రోజుల్లో పిల్లలు దిగాలి. ఇప్పుడు గనక చలి తగిలితే, లోపల కదులుతున్న పిల్ల లోపలే పోతుంది.

తెల్లారుతుండగా ఇద్దరూ బయల్దేరారు. ఏరు దాటాలంటే అడ్డంగా పడేసిన దేవదారు దుంగ ఒక్కటే దారి. కొండ మీది మంచు కరిగి నీళ్ళు దుంగని తాకుతూ పోతున్నాయి. స్వామికి డెబ్భై దగ్గరపడింది, కుడి మోకాలు సరిగ్గా వంగదు. ఎప్పుడూ గున్నయ్యే చెయ్యిచ్చి దాటిస్తాడు, ఆ రోజూ దాటించాడు.

మాటు దగ్గరికి చేరేసరికి పెట్ట మేతకి దిగి ఉంది. పొదల్లో ఎక్కడో ఉండి చూస్తూనే ఉంటుంది. ఇద్దరూ లోపల దూరారు. స్వామి నోటుబుక్కూ పెన్సిలూ గున్నయ్య ఒళ్ళో పెట్టారు.

"పన్నెండుకి వస్తాను," అని చెవిలో చెప్పి బయటికి వెళ్ళారు.

రోజుకి పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి, వెళ్తూ వెళ్తూ చెవిటివాడితో మాట్లాడినట్టు గొంతెత్తి, ఉప్పు అయిపోవచ్చిందనీ, బెల్లానికి చీమలు పట్టాయనీ, ఈసారి సంతకెళ్తే సూదులు మర్చిపోకూడదనీ చెప్పుకుంటూ దిగిపోయారు. అది విని గున్నయ్యకి నవ్వాగింది కాదు, నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. ఇన్నేళ్ళూ తనూ అలాగే ఏవేవో కూస్తూ దిగేవాడు కదా, లోపల స్వామి ఏమనుకునేవారో.

పావుగంటకి పెట్ట వచ్చింది. కొమ్మ నుంచి కొమ్మకి ఎక్కి, మెడ చాపి నాలుగువైపులా చూసి, గుడ్ల మీద ఒదిగింది. ఏడెనిమిది గజాల దూరం. దాని గొంతు దగ్గర ఈకలు ఊపిరికి లేచి పడటం కూడా కనబడుతోంది. తన గుండె కొట్టుకోవడం పిట్టకి వినబడుతుందేమోనని గున్నయ్య భయపడ్డాడు. వచ్చిన వేళ రాశాడు. కాసేపటికి అది కొంచెం లేచి ముక్కుతో గుడ్లు తిప్పితే అదీ రాశాడు. మోలక్‌రాం మొహం మీద ఈ బుక్కు విసిరి కొట్టాలి అనుకున్నాడు.

పదకొండు దాటాక మబ్బు పట్టింది. గున్నయ్య నడుం బిగుసుకుపోయింది. ఇంకో గంటే కదా అని సరిపెట్టుకున్నాడు.

పన్నెండయింది. స్వామి రాలేదు.

పన్నెండున్నరయింది. గుడారానికి పక్కన బాట కనబడేట్టు గున్నయ్యే ఓ చీలిక పెట్టి, దాని మీద మూతలా ఓ రేకు గుడ్డ కుట్టాడు. గుడారం బయటంతా ఎండకీ వానకీ వెలిసిపోయినా ఆ రేకు కింద గుడ్డ మాత్రం కొన్ననాటి రంగులోనే ఉంది. గున్నయ్య ఆ రేకు వేలితో ఎత్తి చూశాడు. బాట మీద ఎవరూ లేరు.

ఒంటిగంటయింది. వానా మంచూ కలిసి పడ్డం మొదలైంది. గుడ్డ మీద పలుకులు రాలిన చప్పుడు. పెట్ట రెక్కలు వెడల్పు చేసి గుడ్ల మీద పరుచుకుంది. గున్నయ్య మళ్ళీ రేకు ఎత్తాడు. ఎత్తిన వేలు ఇక దించలేదు.

మొదట విసుగొచ్చింది. తను పన్నెండంటే పన్నెండుకి వచ్చేవాడు. గురువుగారికి మాత్రం లెక్క లేదు. పొయ్యి దగ్గర వెచ్చగా కునుకు పట్టి ఉంటుంది.

తర్వాత కోపమొచ్చింది. కావాలనే చేస్తున్నారు. నోరెత్తి అడిగినందుకు బుద్ధి చెప్తున్నారు. కూర్చుంటానన్నావుగా, కూర్చో అంటున్నారు.

రెండు గంటలకి కోపం పోయి దాని చోట ఇంకోటొచ్చింది. దుంగ. వచ్చేటప్పుడు స్వామిని తను చెయ్యిచ్చి దాటించాడు. వెళ్ళేటప్పుడు ఎవరు దాటిస్తారు? ఇన్నేళ్ళలో స్వామి ఒక్కరే ఆ దుంగ దాటిన రోజు లేదు. లోపల కూర్చోవాలన్న యావలో ఆ సంగతి తనకి తట్టనే లేదు. తడిసిన దుంగ, వంగని మోకాలు, కింద మంచునీళ్ళు.

సరిగ్గా అప్పుడే కింద ఏటి వైపు నుంచి ఒక కేక వినబడింది. ఏ పిట్టో అరిచి ఉండొచ్చు. మనిషి కేకే అయినా కావచ్చు. ఒక్కసారే వినబడి ఆగిపోయింది.

గున్నయ్య చేతులు వాటంతటవే గుడారం ముడుల మీదికి వెళ్ళాయి. మూడు ముడులు. పైది విప్పాడు. రెండోది విప్పుతుంటే గుడ్డ కదిలింది.

పెట్ట మెడ నిటారుగా లేచింది.

అది సగం లేచి నిలబడింది. దాని పొట్ట కింద గుడ్లు కనబడ్డాయి. గున్నయ్య చూస్తుండగానే ఒక మంచుపలుకు వచ్చి ఓ గుడ్డు మీద పడి కరగకుండా అలాగే ఉండిపోయింది.

చెయ్యి ముడి మీదే ఉంది. లాగితే గుడారం తెరుచుకుంటుంది. తెరుచుకుంటే నాలుగు ప్రాణాలు పోతాయి. లాగకపోతే, అక్కడ నీళ్ళల్లో ఆ ఒక్క ప్రాణం ఉందో పోయిందో. లేస్తే పాపం, కూర్చుంటే పాపం. ఎవరినైనా అడుగుదామంటే, ఇలాంటివి అడగడానికి తనకున్న మనిషి ఒక్కరే. ఆయన గురించే కదా ఈ గొడవంతా.

పెట్ట చాలాసేపు అలాగే నిలబడి, మెల్లిగా కూర్చుంది. గున్నయ్య ముడి లాగలేదు, వదల్లేదు. అటు ధైర్యం చేసి లేచిందీ లేదు, ఇటు నమ్మకంతో కూర్చున్నదీ లేదు. చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోడానికి కూడా చెయ్యి తియ్యకుండా, చీలికలోంచి బాట వైపు చూస్తూ ఉండిపోయాడు. మూడయింది. నాలుగయింది. తెల్లబడ్డ బాట మీద అడుగు జాడ లేదు.

అయిదు కావస్తుండగా రాయి మీద కర్ర తాటించిన చప్పుడు వినబడింది.

టక్. టక్. ఆపైన గొంతు. బెల్లానికి పట్టిన చీమల్ని ఎండలో పెడితే పోతాయా పోవా అని చెట్లని అడుగుతోంది.

పెట్ట తల తిప్పి విని, కొమ్మ దిగి పొదల్లోకి తప్పుకుంది. స్వామి వచ్చి మిగిలిన ముడులు విప్పారు. గున్నయ్య స్వామి భుజం పట్టుకుని బయటికొచ్చి, ఆ పట్టు వదలకుండానే ఆయన్ని తలనుంచి పాదాల దాకా చూసుకున్నాడు. శాలువా తడిసింది. కాళ్ళకి బురద లేదు. పంచె తడవలేదు. ఏట్లో పడ్డ మనిషి కాదు.

ఇద్దరూ దిగసాగారు. నోరు తెరిచి అడిగితే ఏ మాట వస్తుందోనని గున్నయ్యకే భయంగా ఉంది.

నలభై అడుగుల్లో బాట వంపు తిరుగుతుంది. ఆ వంపులో ఓ పెద్ద దేవదారు ఉంది. దాని చాటునుంచి చూస్తే గూడున్న చెట్టు కనబడుతుంది. స్వామి అక్కడ ఆగి, ఆగమని గున్నయ్యకి సైగ చేశారు. ఇద్దరూ నిలబడి చూశారు. ఎంతసేపటికీ ఏదీ కదల్లేదు. ఆఖరికి వెదురు పొద ఊగింది. మట్టిరంగు పిట్ట కొమ్మ నుంచి కొమ్మకి ఎక్కి, మెడ చాపి చూసి, గూట్లో ఒదిగింది. స్వామి అప్పుడు ఊపిరి వదిలారు.

గున్నయ్య కిందికి చూశాడు. నేలంతా తెల్లగా ఉంది. ఆ దేవదారు మొదట్లో మాత్రం మనిషి బాసిపట్టు వేసుకుని కూర్చునేంత మేర ఎండు ఆకులు పొడిగా ఉన్నాయి.

"ఇక్కడే ఉన్నారా స్వామీ?"

"దుంగ ఒక్కణ్ణే దాటలేను కదా. పొద్దున్నుంచీ ఇక్కడే."

"మరి పన్నెండుకి…"

స్వామి గడ్డం ఎత్తి పైకి చూపించారు. గూటికి పైన, పిడుగు పడి కొన ఎండిపోయిన దేవదారు. ఇప్పుడు దాని మీద ఏమీ లేదు.

"ఇందాకటిదాకా రెండూ అక్కడే కూర్చున్నాయి," అన్నారు.

అవేమిటో గున్నయ్యకి వేరే చెప్పక్కర్లేదు. కాకి చూస్తుండగా గూటి దగ్గరికి వెళ్ళకూడదు. వెళ్తే పెట్ట దిగుతుంది, దిగితే గుడ్లు కాకి కంటపడతాయి. బయట నడిచేవాడికి ఇది మొట్టమొదటి నియమం. దాని కోసం గున్నయ్య ఈ చెట్టు కిందే ఎన్నిసార్లు కూర్చోలేదు? ఒకసారి రెండు గంటలు. ఒకసారి వానలో పొద్దువాలేదాకా. కాకి లేచిపోయాక వెళ్ళి గుడ్డ ఎత్తేవాడు. లోపల స్వామి చిరునవ్వుతో బుక్కు మూసి లేచేవారు. ఎందుకాలస్యమైందని ఏనాడూ అడగలేదు. అడగలేదన్న సంగతి గున్నయ్యకి ఇప్పుడు గుర్తొచ్చింది.

పొద్దున్నుంచీ లోపల కూర్చుని తను ఎన్ని అనుకున్నాడు. కునుకన్నాడు, కక్షన్నాడు, చావన్నాడు. కాకి అని మాత్రం ఒక్కసారి అనుకోలేదు.

స్వామి చెయ్యి చాపితే నోటుబుక్కు ఇచ్చాడు. ఆయన వెలుగు వైపు తిప్పుకుని చూశారు. ఆ రోజు పేజీలో రెండు వరసలున్నాయి. పేజీ తిప్పారు. తెల్లగా ఉంది.

"గుడ్లు ఎన్నిసార్లు తిప్పింది?"

గున్నయ్య తల దించుకున్నాడు.

"చూళ్ళేదు స్వామీ. బాట చూస్తూ కూర్చున్నాను."

స్వామి కోప్పడలేదు. బుక్కు మూసి సంచిలో పెట్టుకున్నారు. దిగువన ఏరు హోరుమంటోంది. దుంగ దగ్గరికి వచ్చాక ఆగి, ఎప్పటిలాగే ఎడమచెయ్యి గున్నయ్య వైపు చాపారు. గున్నయ్య పట్టుకున్నాడు. తడిసిన దుంగ మీద అడుగు పెడుతూ, నీళ్ళకేసి చూడకుండా, స్వామి అన్నారు.

"నేను మూడేళ్ళూ పిట్టనే చూశాను గున్నా. బయట నువ్వున్నావు కదా."